ద్వారకానగర్ మేడ మీద పన్నెండు ఆదివారాలు: రాజకీయాలను చేత్తో లెక్కపెట్టించిన తరగతులు

మొదటి ఆదివారం బోర్డు మీద రాసినవి రెండే వరుసలు. 2019 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి 39.17 శాతం ఓట్లు, 23 స్థానాలు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి 39.37 శాతం ఓట్లు, 11 స్థానాలు. ఓట్ల వాటా ఇంచుమించు సమానంగా ఉండగా స్థానాలు సగానికి ఎందుకు తగ్గాయో, ఏ నాయకుడి మంచిచెడ్డలూ ఎత్తకుండా, కేవలం అంకెలతో చెప్పమని తరగతి చెప్పే మేడమ్ అడిగారు. హాలులో ఉన్న ఇరవై ఏడు మందిమీ రాజకీయాల గురించి గంటల తరబడి మాట్లాడగలిగినవాళ్లమే అయినా, ఆ షరతు పెట్టేసరికి చాలాసేపు ఎవరి నోటా మాట రాలేదు.

ఈ తరగతులు విశాఖపట్నం ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక మేడ మీది హాలులో, ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు జరిగాయి. రుసుము 3,500 రూపాయలు. గణితం, క్రీడా సిద్ధాంతం, గణాంక శాస్త్రం అనే మూడు పనిముట్లతో రాజకీయాలను చదవడం వీటి విషయం. లోపాలు కూడా రాయబోతున్నాను కనుక నిర్వాహకుల పేరు పక్కన పెడుతున్నాను. బోధకులు ఇద్దరు: గణాంక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఒక మేడమ్, అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక యువకుడు. వచ్చినవాళ్లలో గ్రూప్ వన్ పరీక్షకు చదువుతున్న పిల్లలు సగం మంది. తక్కినవాళ్లలో స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఇద్దరు న్యాయవాదులు, పెదజాలరిపేట నుంచి వచ్చే ఒక కుర్రాడు ఉన్నారు. నేను ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ పోలింగ్ డ్యూటీ పడుతుంది. కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్ మీట నొక్కి, పోలైన ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం నింపి, ఏజెంట్లకు తలా ఒక ప్రతి ఇచ్చి, సీళ్లు వేసి పెట్టెలు అప్పగించడంతో నా పని అయిపోతుంది. నా చేత్తో రాసిన ఆ అంకెలు ఆ తర్వాత ఎలా ప్రభుత్వంగా మారుతాయో తెలుసుకోవాలన్న కోరిక చాలాకాలంగా ఉండబట్టే ఈ తరగతుల్లో చేరాను.

మేడమ్ అడిగిన ప్రశ్నకు జవాబు చివరికి మా చేతనే రాబట్టారు. ఓడిన పార్టీ ఓట్ల వాటా ఒక్కటే చూస్తే జవాబు దొరకదు. ఎదుటి పక్షం వాటా కూడా చూడాలి. 2019లో గెలిచిన పార్టీది 50 శాతానికి కాస్త తక్కువ కాగా, 2024లో కూటమిగా నిలిచిన మూడు పార్టీలవీ కలిపితే 55 శాతం దాటింది. ప్రతి నియోజకవర్గంలోనూ మొదట నిలిచినవాడు ఒక్కడే గెలిచే పద్ధతిలో, రాష్ట్రమంతటా ఇంచుమించు ఒకే తీరున పరుచుకున్న ఐదారు శాతం ఓట్లు, అంచు మీదున్న స్థానాలన్నింటినీ ఒకే వైపు ఒరగదోస్తాయి. దీన్ని నోటితో చెప్పి ఊరుకోలేదు. పది ఊహాత్మక నియోజకవర్గాల పట్టిక ఇచ్చి, మొదట ఓట్లన్నీ ఒకేచోట పోగుపడినట్టు, తర్వాత అంతటా పరుచుకున్నట్టు పెన్సిలుతో నింపించి, మొత్తం మారకుండానే స్థానాలు నాలుగు నుంచి సున్నాకు ఎలా పడిపోతాయో మాకు మేమే చూసుకునేలా చేశారు. ఈ తరగతుల బలమంతా ఇలాంటి చేతిపనిలోనే ఉంది. చేత్తో లెక్కపెట్టించిన ప్రతి ఆదివారమూ నాకు పైసాతో సహా గుర్తుంది. తెర మీద బొమ్మలు చూపిన ఆదివారాలు గుర్తు లేవు.

రెండో వారం మన ఊరి లెక్కే తీసుకున్నారు. 2019లో విశాఖపట్నం లోక్‌సభ స్థానాన్ని వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి 4,414 ఓట్ల తేడాతో గెలుచుకున్నారు. మూడో స్థానంలో నిలిచిన జనసేన అభ్యర్థికి 2 లక్షల 88 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. "ఓట్లు చీలిపోయాయి మాస్టారూ, అంతే కదా" అని నా పక్కన కూర్చున్న పెద్దాయన అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. మేడమ్ మాత్రం ఒప్పుకోలేదు. చీలాయని చెప్పాలంటే ఆ 2 లక్షల 88 వేల మంది రెండో ఇష్టం ఏమిటో తెలియాలి, మన ఈవీఎం ఆ ప్రశ్న అడగదు, అడగని ప్రశ్నకు జవాబు మనం రాసుకోకూడదు అన్నారు. తర్వాత మరో అంకె వేశారు. ఆనాడు రెండో స్థానంలో ఉన్న తెలుగుదేశం అభ్యర్థే 2024లో 5,04,247 ఓట్ల మెజారిటీతో గెలిచారు. అంటే తేడా మొత్తం మీద 5 లక్షల 8 వేల పైచిలుకు మారింది. 2019లో మూడో అభ్యర్థికి పడిన ఓట్లన్నీ, ఒక్కటి కూడా పోకుండా, ఈ వైపే వచ్చాయని ధారాళంగా ఒప్పుకున్నా ఇంకా 2 లక్షల 20 వేల దాకా మిగులుతుంది. ఒక ఓటరు ఒక పక్షం వదిలి రెండో పక్షానికి వెళితే తేడా రెండు మారుతుంది కనుక, కనీసం లక్షా పది వేల మంది నేరుగా పక్షం మారినంత ప్రభావం అది. కొత్త ఓటర్లనూ, పోలింగు శాతంలో మార్పునూ పక్కన పెట్టి వేసిన మోటు లెక్క ఇది అని ఆవిడే చెప్పారు. మోటు లెక్కే అయినా, పొత్తు ఒక్కటే గెలిపించిందనే మాట నిలవదని దాంతో తేలిపోయింది. ఐదేళ్లుగా నేను టీ దుకాణాల దగ్గర విన్న వాదనలన్నీ ఈ అరగంట లెక్క ముందు తేలిపోయాయి.

రెండో ఇష్టం అన్న మాట దగ్గరి నుంచే మూడో ఆదివారం మొదలైంది. నా దృష్టిలో పన్నెండింటిలోనూ మేలైనది ఇదే. రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు ఒక్కరినే ఎంచుకోకుండా అభ్యర్థులకు ఇష్టాల వరుస ఇస్తారు కనుక, 1969 నాటి ఎన్నికను మా చేత మళ్లీ లెక్కపెట్టించారు. ఆ ఎన్నికలో ప్రధాన అభ్యర్థులిద్దరూ తెలుగువాళ్లే: కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్రుడిగా నిలిచిన వి.వి.గిరి. మూడో అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్. వెయ్యి ఓట్ల విలువకు ఒక చీటీ చొప్పున 836 చీటీలు కత్తిరించి తెచ్చి, నాలుగు బల్లల మీద పంచి, మొదటి ప్రాధాన్యాలు విడదీయమన్నారు. అసలు అంకెల ప్రకారం గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ రాలేదు. అప్పుడు చిన్న అభ్యర్థులనూ, చివరకు దేశ్‌ముఖ్‌నూ తొలగించి, వాళ్ల చీటీలు తిప్పి రెండో పేరు చూసి పంచాలి. మేము పంచుతూ ఉంటే సంజీవరెడ్డి దొంతరే ఎక్కువగా పెరుగుతూ వచ్చింది. ఫలితం ముందే తెలిసిన సంగతే అయినా, మా బల్ల దగ్గర న్యాయవాది ఒకరు లేచి నిలబడి మరీ చూశారు. చివరకు సంజీవరెడ్డికి అదనంగా 91,879 చేరగా గిరికి చేరినవి 18,562 మాత్రమే. అయినా గిరి 4,20,077 దగ్గర గీత దాటారు. సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. 88 వేల ఆధిక్యం 14,650కి కరిగింది. రెండో ప్రాధాన్యాలు లెక్కించాక గానీ విజేత తేలని రాష్ట్రపతి ఎన్నిక మన దేశంలో అది ఒక్కటే. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమన్న ఇందిరా గాంధీ మాటతో మాత్రమే నేను ఎరిగిన ఈ కథ, చీటీల దొంతరగా కళ్లముందు కనిపించినప్పుడు, లెక్కించే పద్ధతి కూడా ఎన్నికలో ఒక పాత్రధారి అని నాకు తెలిసివచ్చింది.

అదే రోజు రెండో సగంలో ఇంకో కొలత చూపించారు. వార్డు నిధులు కాలువకు ఇవ్వాలా, వీధి దీపాలకా, పార్కుకా అన్నది ప్రశ్న. ఇష్టాల వరుస రాసిన చీటీలు ఇరవై ఏడు మందికీ ముందే ఇచ్చారు. పది మందికి కాలువ, దీపాలు, పార్కు. తొమ్మిది మందికి దీపాలు, పార్కు, కాలువ. ఎనిమిది మందికి పార్కు, కాలువ, దీపాలు. చేతులెత్తి చూస్తే కాలువ దీపాలను 18-9తో ఓడించింది, దీపాలు పార్కును 19-8తో ఓడించాయి, పార్కు తిరిగి కాలువను 17-10తో ఓడించింది. మనిషి మనిషికీ స్పష్టమైన వరుస ఉంది. అందరికీ కలిపి చూస్తే వరుస లేదు, గానుగెద్దు తిరిగినట్టు ఒకటే తిరుగుడు. ఫ్రాన్స్‌లో కాండోర్సే 1785లోనే ఈ చిక్కును బయటపెట్టాడు. ఏ రెండింటిని ముందు పోటీకి పెట్టాలో నిర్ణయించే అధికారం అధ్యక్షస్థానంలో ఉన్నవారికి ఇస్తే, మూడింటిలో దేన్ని కావాలంటే దాన్ని గెలిపించవచ్చు. మేము మూడు క్రమాల్లోనూ ఓటు వేసి చూసుకున్నాం, మూడు వేర్వేరు విజేతలు వచ్చాయి. కెనెత్ యారో 1951లో నిరూపించిన సిద్ధాంతాన్ని ఆ వెంటనే చెప్పారు. మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ప్రత్యామ్నాయాలు ఉన్నప్పుడు, సహజంగా తోచే కొద్దిపాటి న్యాయ నియమాలన్నింటినీ ఒకేసారి పాటిస్తూ వ్యక్తుల ఇష్టాల వరుసలను సమాజపు వరుసగా మార్చే పద్ధతి, ఒక్కడి మాటే చెల్లే పద్ధతి తప్ప, ఏదీ ఉండదు అన్నది దాని సారం. నిరూపణ పూర్తిగా చేయలేదు. గణితం చెప్పేవాడిగా అది నాకు వెలితిగానే అనిపించింది, కానీ ఆ గదిలో అందరికీ పనికివచ్చేది ఆ చీటీలే అని ఒప్పుకుంటాను.

క్రీడా సిద్ధాంతం నాలుగు ఆదివారాలు సాగింది. నా ఎత్తు ఎదుటివాడి ఎత్తు మీద, అతని ఎత్తు నా ఎత్తు మీద ఆధారపడే సందర్భాలను గణితంలోకి తెచ్చే శాస్త్రం ఇది. ఆర్కే బీచ్ మీద రెండు ముంత మసాలా బండ్లు ఎక్కడ నిలబడితే బేరం బాగుంటుందో అడిగి, రెండూ జరిగి జరిగి నడుమకు చేరుతాయని చూపారు. హోటెలింగ్ 1929లో దుకాణాల గురించి చెప్పినదాన్ని ఆంథొనీ డౌన్స్ 1957లో పార్టీలకు అన్వయించాడట. పదో తరగతి పిల్లలకు ఏటా నేను చెప్పే మధ్యగతమే, అంటే వరుసలో సరిగ్గా నడుమ పడే విలువే, రెండు పార్టీలు ఒకే మాట మాట్లాడటం మొదలుపెట్టడానికి కారణమని తెలిసినప్పుడు, ఇన్నేళ్లూ ఆ పాఠాన్ని మార్కుల పట్టికలతోనే ఎందుకు సరిపెట్టానా అని బాధపడ్డాను. అయితే ఈ నమూనా ఓటరు ఇష్టాలను ఒకే గీత మీద పెడుతుంది. మన దగ్గర కులం, పథకాలు, స్టీల్ ప్లాంటు భవిష్యత్తు, అభ్యర్థి మంచితనం అన్నీ వేర్వేరు దిక్కులకు లాగుతాయి. దిక్కులు రెండైనప్పుడే ఆ నడిమి బిందువు సాధారణంగా మాయమవుతుందన్న సంగతి, ఎవరో అడిగితే తప్ప, వాళ్లంతట వాళ్లు చెప్పలేదు. ముందే చెప్పి ఉండవలసింది.

ఖైదీల సందిగ్ధం చెప్పిన రోజున పాఠం పెదజాలరిపేట కుర్రాడి వల్ల ఒక మెట్టు పైకెక్కింది. ఎవరికి వారు తమ లాభం చూసుకుంటే అందరూ నష్టపోతారు అనడానికి అర్థశాస్త్రం సార్ సముద్రంలో చేపలను ఉదాహరణగా తీసుకున్నారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపలవేట నిషేధం ఉంటుంది. లెక్క ప్రకారమైతే ప్రతి బోటూ దొంగచాటుగా వెళ్లాలి. ఆ కుర్రాడు లేచి, "సార్, ఒడ్డున బోటు లేకపోతే ఊరంతటికీ తెలుస్తుంది. పెద్దల ముందు నిలబడాలి. మళ్లీ ఏడాదీ అదే ఒడ్డు, అదే మనుషులు" అన్నాడు. సార్ ఆ మాటను తోసిపుచ్చలేదు. ఒక్కసారి ఆడే ఆటకూ, అదే మనుషులతో ఏళ్ల తరబడి ఆడే ఆటకూ తేడా ఏమిటో అప్పటికప్పుడు గడులు గీసి లెక్క మార్చి చూపారు. అక్కడి నుంచి ఎలినోర్ ఆస్ట్రామ్ దగ్గరకు వచ్చారు. ఉమ్మడి వనరులను జనం తమంతట తాము కట్టుబాట్లు పెట్టుకుని ఎలా కాపాడుకుంటారో 1990లో పుస్తకంగా రాసిన రాజనీతి శాస్త్రవేత్త ఆవిడ. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ. విద్యార్థి మాటతో బోర్డు మీది లెక్కను దిద్దుకునే బోధకుడు దొరకడం అరుదు కనుక ఆ గంటకే నా రుసుములో సగం చెల్లిపోయిందనుకుంటాను.

కూటముల పాఠానికి మన నగరపాలక సంస్థనే తీసుకున్నారు. 2025 ఏప్రిల్ 19న మేయరు మీద అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు సభలో కార్పొరేటర్లు, వేరే పదవి రీత్యా సభ్యులైన ఎక్స్ అఫీషియోలు కలిపి 111 మంది. తీర్మానం నెగ్గడానికి కావలసిన మూడింట రెండు వంతులంటే సరిగ్గా 74. అనుకూలంగా పడినవీ 74. గెలుపుకు చాలినంతకు మించి కూటమి పెరగదని విలియం రైకర్ 1962లో చెప్పిన సూత్రాన్ని వివరించి, అంత బిగువుగా నిలిచిన కూటమిలో డెబ్బై నాలుగు మందిలో ఏ ఒక్కరు తప్పుకున్నా తీర్మానం వీగిపోతుంది కనుక ఆ క్షణాన ప్రతి ఒక్కరి బలమూ సమానమేనని చూపారు. దానికి ముందు చేయించిన చిన్న లెక్క ఇంకా బాగుంది: నూరు మంది సభలో మూడు పార్టీలకు 49, 49, 2 స్థానాలుంటే, 51 కావాలన్నప్పుడు ఏ రెండు పార్టీలు కలిసినా సరిపోతుంది; ఏ ఒక్కటీ చాలదు. ఇద్దరే సభ్యులున్న పార్టీకి నలభై తొమ్మిది మంది ఉన్న పార్టీతో సమానమైన బలం. షాప్లీ, షూబిక్ 1954లో ఇచ్చిన, ఇలాంటి బలాన్ని కొలిచే సూచికతో లెక్కగట్టి మూడింటికీ మూడో వంతు చొప్పున రావడం మా నోటు పుస్తకాల్లో మేమే చూసుకున్నాం.

ఇంత బాగా సాగిన తరగతులు గణాంకాల దగ్గరకు వచ్చేసరికి తడబడ్డాయి. చివరి నాలుగు ఆదివారాలూ లాప్‌టాపుల మీద నడిపారు. ఇరవై ఏడు మందికి ఉన్నవి ఆరు. ప్రోగ్రాం ఎక్కించడానికే ఒక పూట గడిచింది. రెండు అంకెల వరుసల నడుమ సంబంధాన్ని చూపే ప్రతిగమన రేఖ తెర మీద గీసుకుంది గానీ అది ఎందుకు అక్కడ పడిందో, పక్కకు ఎందుకు పడలేదో తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురే. వెయ్యి మందిని అడిగి కోటి మంది మనసు చెప్పడం ఎలా సాధ్యమన్నది సామాన్యుడికి అన్నింటికంటే ముందు అర్థం కావలసిన సంగతి. ఒక సంచిలో రెండు రంగుల చింతపిక్కలు పోసి, కళ్లు మూసుకుని నూరేసి తీయించి లెక్కపెట్టిస్తే, ఫలితం ఒక్కోసారి ఒక్కోలా ఎందుకు వస్తుందో, వెయ్యి తీసినప్పుడు ఆ ఊగిసలాట మూడు శాతానికి ఎందుకు తగ్గుతుందో చేతికే తెలిసేది. మూడో ఆదివారం 836 చీటీలు కత్తిరించిన ఓపిక ఇక్కడ ఎందుకు లేకపోయిందో నాకు అర్థం కాలేదు.

ఈ భాగంలో నిలిచినది మేడమ్ నోటితో చెప్పిన ఒక కథ. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపి, తిరిగి వచ్చిన 20 లక్షలకు పైగా జవాబులను బట్టి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ భారీగా గెలిచాడు. ఆ పేర్లు తీసుకున్నది టెలిఫోన్ పుస్తకాల నుంచీ, కార్ల రిజిస్టర్ల నుంచీ. పైగా జవాబు పంపే ఓపిక ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఒకే తీరు మనుషులు కారు. ఎంత మందిని అడిగామన్నదాని కంటే ఎవరిని అడిగామన్నది ముఖ్యమని ఎగ్జిట్ పోల్స్ చూసే ప్రతివారికీ తెలియవలసిన ఈ ముక్కకు ఇరవై నిమిషాలే ఇచ్చారు. పంచాయతీల్లో మహిళా రిజర్వేషన్ల మీద రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో 2004లో ప్రచురించిన పరిశోధనకైతే ఐదు నిమిషాలే దక్కాయి. ఏ గ్రామం మహిళకు కేటాయించాలన్నది యాదృచ్ఛికంగా పడటం వల్ల, పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో మహిళా సర్పంచులున్న ఊళ్లనూ లేని ఊళ్లనూ నేరుగా పోల్చి చూడగలిగారు. మహిళలు ఎక్కువగా అడిగే తాగునీటి వంటి పనులకు మహిళా సర్పంచులు ఎక్కువ ఖర్చు పెట్టారని తేలింది. కారణానికీ కాకతాళీయానికీ తేడా తేల్చడం ఎలాగో చెప్పడానికి మన దేశంలోనే పుట్టిన ఇంత చక్కని ఉదాహరణను ఒక పూర్తి ఆదివారం చేత్తో విప్పి చూపించకపోవడం ఈ తరగతుల్లో నాకు కనిపించిన పెద్ద లోటు.

మిగతావి చిన్న విషయాలు. తరగతి తెలుగులోనే నడిచింది, నోట్సు మాత్రం మొదటి ఆరు వారాలకే తెలుగులో ఇచ్చారు. రెండుసార్లు వేళ మార్చి కబురు పెట్టలేదు. అందులో ఒకసారి నేను గాజువాక నుంచి వచ్చి తిరిగి వెళ్లాను. హాలులో గాలి బాగుంటుంది, వెనక వరుసకు బోర్డు కనిపించదు. పదో తరగతి లెక్కలు గుర్తున్నవారెవరికైనా మొదటి ఎనిమిది ఆదివారాలూ అందుతాయి. పోటీ పరీక్షల కోసమే వచ్చేవాళ్లకు ఇందులో బట్టీకి పనికివచ్చేది తక్కువ.

చివరి రోజు అభిప్రాయాలు రాసి ఇమ్మన్నారు. పోలింగ్ కేంద్రాల వారీగా ఫలితాలు చూపే ఫారం 20 కాగితాలు ఒక నియోజకవర్గానివి ముందు పెట్టి గణాంకాల భాగమంతా వాటి మీదే చేయించమనీ, చింతపిక్కల సంచితో మొదలుపెట్టమనీ, లాప్‌టాపులు చివరి పూట తీయమనీ ఒక పేజీ రాసి ఇచ్చాను. మేడమ్ అది అక్కడే చదివి, పిక్కలు ఎన్ని కావాలని అడిగారు. రెండు వేలు చాలన్నాను. మా ఇంట్లో చింతపండు ఒలిచినప్పుడల్లా ఇప్పుడు పిక్కలు పారేయకుండా ఒక డబ్బాలో వేస్తున్నాం. సగానికి ఎర్ర రంగు వేయాలి.